కోర్సు ఇంగ్లీషులోనే, బతుకు మాత్రం ఫ్రెంచ్‌లో

ఏటా ఏప్రిల్, మే నెలలు వచ్చాయంటే నాకు కాకినాడ నుంచి, విజయవాడ నుంచి, హైదరాబాద్ నుంచి ఫోన్లు మొదలవుతాయి. ఫ్రాన్స్‌లో మాస్టర్స్ సీటొచ్చిన పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు. ఫీజు, ఇల్లు, చలి, సోనా మసూరి దొరుకుతుందా లేదా, అన్నీ అడిగాక చివర్లో ఒక ప్రశ్న వస్తుంది. "అక్కా, మా కోర్సు మొత్తం ఇంగ్లీషులోనే. కన్సల్టెన్సీ వాళ్ళు ఫ్రెంచ్ అక్కర్లేదన్నారు. వెళ్ళాక చూసుకోవచ్చు కదా?"

వెళ్ళాక చూసుకుందాం అనుకున్నవాళ్ళలో చాలామందికి రెండేళ్ళు గడిచినా ఆ తీరిక రాలేదు. నేనుంటున్న ఫ్రాన్స్ ఊరు తులూజ్‌లో నా కళ్ళముందు జరుగుతున్న సంగతి ఇది. అందుకే ఫ్లైటెక్కేలోపు కనీసం ఏ2 స్థాయి వరకు (ఏ1 నుంచి సీ2 దాకా ఉండే ఆరు మెట్లలో రెండోది) నేర్చుకుని రమ్మని, వచ్చాక దాన్నొక సబ్జెక్టులా కొనసాగించమని గట్టిగా చెప్తాను. ఎందుకో ఫోన్లో పది నిమిషాల్లో చెప్పలేను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

కన్సల్టెన్సీ వాళ్ళు చెప్పేది అబద్ధం కాదు. పాఠాలు, పరీక్షలు, ప్రాజెక్టు రిపోర్టు అన్నీ ఇంగ్లీషులోనే నడుస్తాయి. వాళ్ళు చెప్పేది క్లాస్‌రూమ్ గురించి. క్లాసు అయ్యాక మనిషి ఎక్కడుంటాడు, ఏం తింటాడు, జ్వరమొస్తే ఎవరితో మాట్లాడతాడు అన్నది వాళ్ళ లెక్కలోకి రాదు.

అసలు ఫ్రాన్స్‌లో ఇంగ్లీషు కోర్సులు ఎలా వచ్చాయో తెలిస్తే ఈ తేడా బాగా అర్థమవుతుంది. రాజ్యాంగంలో రెండో అధికరణంలోనే రిపబ్లిక్ భాష ఫ్రెంచ్ అని 1992లో చేర్చారు. 1994లో తూబోఁ చట్టం వచ్చింది. వస్తువుల మీద రాతలు, వాడే విధానం, గ్యారంటీ కాగితాలు, ఉద్యోగ ఒప్పందాలు, చదువు చెప్పడం, అన్నీ ఫ్రెంచ్‌లో ఉండాలన్నది దాని సారం. యూనివర్సిటీలకు ఇంగ్లీషులో కోర్సులు నడుపుకునే వెసులుబాటును 2013 జులైలో వచ్చిన ఇంకో చట్టం పెంచింది. అంటే మన ఇంగ్లీషు మాస్టర్స్ అనేది ఫ్రెంచ్‌లో నడిచే దేశంలో క్యాంపస్ గోడల వరకు ఇచ్చిన మినహాయింపు. గేటు దాటగానే ఆ మినహాయింపు అయిపోతుంది.

ఇందులో చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి ఉంది. ఆ 2013 చట్టమే ఇంగ్లీషు కోర్సుల్లో చేరే విదేశీ విద్యార్థులకు ఫ్రెంచ్ సరిగా రాకపోతే ఫ్రెంచ్ క్లాసులకు వెళ్ళాలని, డిగ్రీ ఇచ్చేటప్పుడు వాళ్ళ ఫ్రెంచ్ స్థాయిని కూడా చూడాలని రాసుకుంది. 2024 జనవరిలో మన గణతంత్ర దినోత్సవానికి ముఖ్య అతిథిగా వచ్చిన అధ్యక్షుడు మాక్రోన్, 2030 నాటికి 30,000 మంది భారతీయ విద్యార్థులు ఫ్రాన్స్‌లో చదవాలని లక్ష్యం పెట్టుకున్నామని చెప్పినప్పుడు, ఫ్రెంచ్ రానివాళ్ళ కోసం ప్రత్యేక తరగతులు పెడతామని కూడా అన్నారు. భాష అక్కర్లేదని ఆ ప్రభుత్వం ఎప్పుడూ అనలేదు. అక్కర్లేదన్నది మధ్యలో ఉన్నవాళ్ళు.

కాగితం ముక్క ఎంత పని చేస్తుందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. పోయిన సెప్టెంబర్లో తెనాలి నుంచి వచ్చిన ఒక తమ్ముడు ఫర్నిచర్‌తో ఉన్న స్టూడియో అద్దెకు తీసుకున్నాడు. తాళాలిచ్చే రోజు తోడు రమ్మన్నాడు, వెళ్ళాను. ఏజెన్సీ నుంచి ఒకావిడ చేతిలో ట్యాబ్లెట్ పట్టుకుని వచ్చింది. ఇక్కడ ఇల్లు చేతికి వచ్చే రోజు 'ఏతా దే ల్యూ' అనే తనిఖీ ఉంటుంది. గోడలు, నేల, కిటికీ, సింకు, పరుపు, బల్బు, ఒక్కొక్కటీ ఏ స్థితిలో ఉందో రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. ఇల్లు ఖాళీ చేసే రోజు మళ్ళీ అదే కాగితం పట్టుకుని పోల్చి చూస్తారు. తేడా ఉంటే డిపాజిట్‌లో కోత. ఫర్నిచర్‌తో ఉన్న ఇంటికి డిపాజిట్ రెండు నెలల అద్దె వరకు అడగొచ్చు. పిల్లాడికి అది నాన్న అప్పు చేసి పంపిన డబ్బు.

ఆవిడ చకచకా చదువుకుంటూ పోతోంది. గోడలు, 'బొనేతా'. నేల, 'బొనేతా'. బాగుంది, బాగుంది అని అర్థం. తమ్ముడు ప్రతిదానికీ 'వీ, వీ' అని తలూపుతున్నాడు. పరుపు కవరు తీసి చూస్తే కింద అరచేయంత మరక ఉంది. కిటికీకి బయట ఉండే షట్టర్ సగం దిగి ఆగిపోతోంది. బాత్రూమ్ సింకులో వెంట్రుకలా సన్నటి పగులు, తడి చేయి పెట్టి రుద్దితేగానీ కనపడదు. నేను ఒక్కొక్కటీ చూపించి రాయమన్నాను. మరకకి తాష్, పగులుకి ఫిస్యూర్, షట్టర్‌కి వొలే. ఇవేమీ పెద్ద చదువు కావు. ఆవిడ కూడా ఏమీ అనుకోలేదు, చెప్పినవన్నీ రాసింది, ఫోటోలు తీసింది. కానీ చెప్పకపోతే రాయదు కదా! అడగాల్సింది అద్దెకుండేవాడు.

బయటికొచ్చాక తమ్ముడు "అక్కా, ఇవన్నీ రెండేళ్ళ తర్వాత నా మీద పడేవా?" అన్నాడు. పడేవి. సంతకం పెట్టేశాక కూడా 10 రోజుల్లోపు ఏవైనా చేర్చమని అడిగే హక్కు అద్దెకున్నవాళ్ళకి చట్టం ఇచ్చింది. ఆ హక్కు ఉందని ఒప్పందం కాగితాల్లో ఫ్రెంచ్‌లో ఉంటుంది. చదవలేనివాడికి లేనట్టే. ఫోన్ కెమెరాతో అనువాదం చేసుకోవచ్చు అంటారు. కాగితాన్ని చేసుకోవచ్చు, ఒప్పుకుంటాను. ఎదురుగా నిలబడి తొందరపెడుతున్న మనిషికి "ఆగండి, ఈ సింకు చూడండి" అని చెప్పాల్సింది నోరు.

ఫోన్ సంగతి మరీ కష్టం. ముఖం కనపడదు, చేతులతో చెప్పలేం. ఇక్కడ ఫోన్ నంబర్లు రెండేసి అంకెలుగా చదువుతారు. 78 అనడానికి '60, 18' అంటారు. 94 అనడానికి 'నాలుగు ఇరవైలు, 14' అంటారు. 'స్వాసాంత్' వినగానే చేయి 6 రాసేస్తుంది, వెంటనే 'దిజ్విత్' అని వస్తే అది కొట్టేసి 7 రాయాలి, ఆలోపు అవతలివాళ్ళు ఇంకో రెండు అంకెల జోడీ చెప్పేసి ఉంటారు. బెల్జియంలో, స్విట్జర్లాండ్‌లో 70కి, 90కి సూటి మాటలున్నాయి, ఇక్కడివాళ్ళు వాటిని వాడరు. అంకెలు ఒకటి నుంచి వంద వరకు వచ్చు అని సరిపెట్టుకోకూడదు. ఎవరైనా వేగంగా చదువుతుంటే రాసుకునే దాకా సాధన చేయాలి. అపాయింట్‌మెంట్ సమయం, తలుపు కోడ్, మందు మోతాదు, అన్నీ అంకెలే. అర్ధరాత్రి ఎవరికైనా ప్రాణం మీదికొస్తే 15కి ఫోన్ చేయాలి. ముందు అడ్రస్ చెప్పమంటారు.

ఆరోగ్యం మాట వచ్చింది కాబట్టి నన్ను అన్నిటికంటే బాధపెట్టిన విషయం చెప్తాను. ప్రతి తెలుగు బృందంలోనూ ఫ్రెంచ్ కాస్త వచ్చినవాళ్ళు ఒకరో ఇద్దరో ఉంటారు. మిగతా వాళ్ళందరి పనులూ వాళ్ళ నెత్తినే పడతాయి. బ్యాంకు, రెసిడెన్స్ కార్డులిచ్చే ప్రిఫెక్చర్, ఇంటి సబ్సిడీ ఇచ్చే కాఫ్ ఆఫీసు, కరెంటు కనెక్షన్. అది సాయం, మన వాళ్ళ మంచితనం, దాన్ని నేను తక్కువ చేయను. నేను దిగిన కొత్తలో అలాంటి సాయంతోనే నిలబడ్డాను. కానీ ఒకసారి మా క్లాసులో ఒకమ్మాయికి పొత్తికడుపులో నొప్పొచ్చి ఎమర్జెన్సీకి వెళ్తే, అక్కడి డాక్టరుకి ఇంగ్లీషు అంతంత మాత్రం. తోడు ఎవరూ దొరక్క క్లాసులో ఫ్రెంచ్ వచ్చిన అబ్బాయికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది. ఆఖరి నెలసరి ఎప్పుడు, గర్భం వచ్చే అవకాశం ఉందా, మూత్రంలో మంట ఉందా? ఈ ప్రశ్నలన్నీ ఆ అబ్బాయి గొంతులో వినాలి, అతనికి జవాబులు చెప్పాలి. అతను చాలా మర్యాదస్తుడు, చాలా ఇబ్బంది పడ్డాడు కూడా. ఆ అమ్మాయి సగమే చెప్పింది. ఆ సగం సమాచారంతో డాక్టర్ మందు రాసిచ్చారు.

ఇది విన్న రోజు నుంచి ఫ్రెంచ్ నేర్చుకోమని చెప్పడానికి ఉద్యోగాల ప్రస్తావన ముందు తేవడం మానేశాను. ఆడపిల్లలకి ముఖ్యంగా చెప్తున్నాను. మీ ఒంటి గురించి మీ నోటితో మీరే చెప్పుకునేంత భాష రావాలి. నొప్పి ఎక్కడ, ఎప్పటి నుంచి, ఎలా ఉంది, ఇంతకుముందు ఏ మందులు వాడారు, దేనికి ఎలర్జీ. గట్టిగా చూస్తే రెండు పేజీల మాటలు. ఫ్రెంచ్ యాప్‌లో ఆపిల్ ఎర్రగా ఉంది, పిల్లి పాలు తాగింది అని నెలల తరబడి నేర్చుకునే బదులు ఆ రెండు పేజీలతో మొదలుపెట్టండి.

ఇప్పుడు ఎలా నేర్చుకోవాలి అన్న దగ్గరికి వద్దాం. ఇక్కడే నాకు మన పద్ధతి మీద పెద్ద అభ్యంతరం ఉంది. మన దగ్గర ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్‌గా ఫ్రెంచ్ తీసుకునేవాళ్ళు ఉన్నారు. ఎందుకు తీసుకున్నావంటే మార్కులు పడతాయంటారు. క్రియారూపాలు కంఠతా పడతారు, నోరు తెరవరు. తర్వాత నేర్చుకునేవాళ్ళేమో ఇంగ్లీషు మీదుగా నేర్చుకుంటారు. పుస్తకం ఇంగ్లీషు, వీడియో ఇంగ్లీషు, ఉచ్చారణ రాసుకునేది ఇంగ్లీషు అక్షరాల్లో. ఫ్రెంచ్ చెవికి అది చాలా దూరపు దారి. తెలుగు చాలా దగ్గరి దారి. ఇది భాషాభిమానంతో అంటున్న మాట కాదు, నోట్‌బుక్‌లో రాసి చూసుకుంటే ఎవరికైనా తేలుతుంది.

ఫ్రెంచ్ 'త', 'ద' పళ్ళకి నాలుక తగిలించి పలికే మన త, ద లే. ఇంగ్లీషు మీదుగా వచ్చినవాళ్ళు వాటిని ట, డ చేసేస్తారు. ప, త, క పలికేటప్పుడు ఇంగ్లీషువాళ్ళు మాట మొదట్లో గాలి వదులుతారు, ఫ్రెంచ్‌వాళ్ళు మనలాగే వదలరు. ఇక ముక్కుతో పలికే అచ్చులున్నాయి కదా, అందరినీ భయపెట్టేవి. వాటికి మన దగ్గర అరసున్న ఉంది. ఇప్పటి రాతలో వాడకం పోయింది గానీ గుర్తు మాత్రం సిద్ధంగా ఉంది. మంచి అనే మాట 'బోఁ', లేకుండా అనే మాట 'సాఁ', ద్రాక్షసారా 'వేఁ'. 'బోన్' అని న్ పలికితే అది వేరే మాట, స్త్రీలింగం అయిపోతుంది. నేను నా నోట్‌బుక్ మొత్తం తెలుగు లిపిలో అరసున్నలతో రాసుకున్నాను. తర్వాత జూనియర్లకి అదే ఇచ్చాను. వాళ్ళ ఉచ్చారణ యాప్‌లతో నేర్చుకున్నవాళ్ళ కంటే శుభ్రంగా ఉంటుంది.

కొత్తగా సాధన చేయాల్సినవాటిలో ముఖ్యమైనవి రెండు. గొంతు వెనక నుంచి వచ్చే ర, పెదవులు 'ఉ'కి సున్నాలా చుట్టి లోపల 'ఇ' పలికే అచ్చు. ఈ రెండో దాన్ని అద్దం ముందు నిలబడి నేర్చుకోవాలి, వేరే దారి లేదు.

ఇంకా పెద్ద సంగతి సంధి. ఫ్రెంచ్ వింటే మాటలన్నీ కలిసిపోయి ఒకే ప్రవాహంలా వినిపిస్తుందని అందరూ గోల పెడతారు. 'లే', 'అమి' పక్కపక్కన వస్తే 'లేజామి' అవుతుంది. 'నూ', 'అవోఁ' కలిస్తే 'నూజావోఁ'. రాతలో పలకని చివరి అక్షరం, పక్కన అచ్చు రాగానే లేచి వస్తుంది. మనం హైస్కూల్లో 'కింది పదాలను విడదీసి సంధి పేరు రాయండి' అన్న ప్రశ్న ఏళ్ళ తరబడి రాసినవాళ్ళం. ఫ్రెంచ్ వినడం అంటే సరిగ్గా ఆ పని చెవితో చేయడమే. నేను చెప్పిన పిల్లలకి ముందు ఈ సంగతే చెప్తాను, వాళ్ళ ముఖంలో భయం సగం పోతుంది. మీరు, నువ్వు తేడా కూడా మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. ఎవరిని ఎప్పుడు మీరు అనాలో తెలుగు పిల్లలకి ఇట్టే తెలిసిపోతుంది.

తులూజ్‌కి వచ్చేవాళ్ళకి ఇంకో లాభం ఉంది. ఇక్కడి యాస. పారిస్‌లో మింగేసే చివరి అచ్చుని ఇక్కడి పాతకాపులు నిండుగా పలుకుతారు. ఊరి పేరునే 'తులూజె' అంటారు. ముక్కు అచ్చుల వెనక కొంచెం 'ఙ్' చేరుస్తారు. రొట్టెని 'పేఁ' అనకుండా 'పేంగ్' అన్నట్టు వినిపిస్తుంది. అరసున్న కాస్తా నిండుసున్న అయిందన్నమాట. క్లాసులో చెప్పిన మాట బజారులో వేరేగా వినపడిందని కొత్తవాళ్ళు కంగారు పడతారు. కంగారు పడక్కర్లేదు, అచ్చుతో ముగిసే మాటలకి అలవాటు పడిన మన చెవికి ఈ యాసే తేలిక. ఈ ఊరి మెట్రోలో స్టేషన్ పేర్లు ఫ్రెంచ్‌లో ఒకసారి, ఈ ప్రాంతపు పాత భాష ఆక్సిటాన్‌లో ఒకసారి చెప్తారు. ఆ భాషని బడుల్లో మాట్లాడనివ్వకుండా తరాల పాటు అణిచారు. ఈ యాసలో ఇప్పటికీ దాని జాడ ఉంది. శని, ఆదివారాల సంతలో కూరగాయలమ్మే ముసలివాళ్ళతో మాట్లాడండి, వాళ్ళకి టైముంటుంది, మీరు తడబడితే ఆగుతారు.

మా కాకినాడకి దగ్గర్లోనే యానాం ఉంది. 1954 దాకా అది ఫ్రెంచ్ వాళ్ళ చేతిలోనే ఉంది. అక్కడి తెలుగువాళ్ళు రెండు భాషల్లోనూ కాగితాలు నడిపించుకున్నారు, ఆఫీసుల్లో పనులు చేయించుకున్నారు. ఫ్రెంచ్ మన నోటికి రాదు అనేవాళ్ళకి నేనిచ్చే జవాబు యానాం.

ఎదురు వాదనలు నాకు తెలుసు. ఉన్నది రెండేళ్ళు, చదువు బరువు, పైగా పార్ట్ టైమ్ పని. ఇక్కడ విద్యార్థులకి ఏడాదికి 964 గంటల వరకు పని చేసుకునే అనుమతి ఉంది. భాష రానివాళ్ళకి ఆ గంటలు ఎక్కడ దొరుకుతాయో చూడండి. హోటల్ వెనక గిన్నెలు కడగడం, సైకిల్ మీద తిండి మోయడం. నేను ఏ పనినీ చిన్నచూపు చూడను. వేరే దారే లేకుండా పోవడం గురించి నా బాధ. భాష కాస్త వచ్చినవాళ్ళు అవే గంటలు షాపు కౌంటర్లో, లైబ్రరీలో, పిల్లలకి లెక్కలు చెప్తూ గడుపుతారు. ఆ పనే వాళ్ళకి ఫ్రెంచ్ క్లాసు అవుతుంది, జీతమిచ్చి నేర్పించే క్లాసు.

తులూజ్ విమానాల ఊరు కదా, ఇంగ్లీషు చాలు అంటారు ఏరోనాటిక్స్ పిల్లలు. ఎయిర్‌బస్‌లో పనిభాష ఇంగ్లీషు అన్నమాట నిజమే. కానీ కొత్తగా చదువు ముగించినవాళ్ళని ఎక్కువగా తీసుకునేది చుట్టూ ఉన్న సబ్‌కాంట్రాక్టు కంపెనీలు. వాటిలో ఇంటర్వ్యూ మొదటి పది నిమిషాలు ఫ్రెంచ్‌లోనే నడుస్తుంది. ఆ పది నిమిషాలు దాటలేక మంచి మార్కులున్న పిల్లలు వెనక్కి రావడం చూశాను. ఉద్యోగమొచ్చాక కూడా మధ్యాహ్నం భోజనం బల్ల దగ్గర గంటసేపు మాట్లాడుకునేది ఫ్రెంచ్‌లోనే, ఏ ప్రాజెక్టు ఎవరికి వెళ్తుందో సగం అక్కడే తేలుతుంది. స్థిరపడదామనుకుంటే నియమాలు ఇంకా బిగిశాయి. 2026 జనవరి నుంచి పదేళ్ళ రెసిడెంట్ కార్డుకి బీ1, పౌరసత్వానికి బీ2 స్థాయి అడుగుతున్నారు.

మనం నోరు తెరవగానే వాళ్ళే ఇంగ్లీషులోకి మారిపోతారు అన్నది ఇంకో మాట. మారతారు, సాయం చేద్దామనే. "నేను నేర్చుకుంటున్నాను, ఫ్రెంచ్‌లోనే మాట్లాడండి, కాస్త నెమ్మదిగా" అని ఆ భాషలోనే చెప్పి చూడండి. కాదన్నవాళ్ళు నాకింతవరకు తగల్లేదు.

పిల్లల్ని అనడమొక్కటే న్యాయం కాదు. లక్షలు పోసి పంపే అమ్మానాన్నలు కన్సల్టెన్సీకి, బట్టలకి, సూట్‌కేసులకి ఖర్చు పెడతారు. ఫ్రెంచ్ నేర్పే హైదరాబాద్ అలియాన్స్ ఫ్రాంసేజ్‌లో ఒక కోర్సు ఫీజంటే ఆలోచిస్తారు. సీటొచ్చాక ఉండే ఆ ఐదారు నెలలూ రోజుకో గంట పెడితే ఏ2 చేతికందుతుంది. ఇక్కడి యూనివర్సిటీల బాధ్యత ఇంకా ఎక్కువ. 2019 నుంచి యూరప్ బయటి విద్యార్థులకి ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఎక్కువ ఫీజు పెట్టారు. మాస్టర్స్‌కి అప్పట్లో 3,770 యూరోలు, ఇప్పుడు ఇంకా పెరిగింది. చట్టంలో రాసుకున్న ఫ్రెంచ్ చదువు మాత్రం చాలాచోట్ల వారానికి ఒక క్లాసు, ఏమీ రానివాళ్ళు, కాస్త వచ్చినవాళ్ళు అందరూ ఒకే గదిలో. సెమిస్టర్ మొదలయ్యే ముందు నెల రోజులు పూర్తిస్థాయిలో నేర్పాలి, దానికి క్రెడిట్లు ఇవ్వాలి, పాఠాల్లో అద్దె కాగితాలు, డాక్టర్ మాటలు ఉండాలి. ఫీజు కట్టేవాళ్ళుగా ఇది అడిగే హక్కు మనకుంది. డిపార్ట్‌మెంట్ సమావేశాల్లో విద్యార్థి ప్రతినిధుల చేత అడిగించాలి.

అది జరిగేలోపు మేం కొందరు సీనియర్లం ఆదివారం మధ్యాహ్నాలు ఒక గదిలో కూర్చుంటున్నాం. తలా ఒక పాత్ర వేస్తాం. ఒకరు ఏజెన్సీ మనిషి, ఒకరు ఫార్మసీలో మందులిచ్చే మనిషి, ఒకరు ఫోన్లో నంబర్లు చదివే మనిషి. గంటన్నర సేపు తెలుగు, ఇంగ్లీషు రెండూ బంద్. చివరి అరగంట తెలుగులో సందేహాలు. ఈసారి తులూజ్ వచ్చేవాళ్ళు మీ అద్దె ఒప్పందం, తనిఖీ కాగితం ప్రింట్ తీసుకుని తెచ్చుకోండి, మొదటి క్లాసు వాటి మీదే. 10 రోజుల గడువు దాటకముందే రండి.